వర్చువల్ మెషీన్‌కు టీకా తాత్పర్యం

మూలం: “ఇకమీదట డెవలపర్లందరూ అభివృద్ధి కార్యకలాపములను వర్చువల్ మెషీన్‌లోనే నిర్వహించవలెను.”

హైదరాబాదులోని ఒకానొక కంపెనీలో సోమవారం పొద్దున్నే అందరి మెయిళ్లలోనూ అవతరించిన సూత్రమిది. మూలం ఇంగ్లీషు, తెలుగు చేసినా బిగువు తగ్గలేదు. కింద సంతకం లేదు కనుక అపౌరుషేయం. ఇంతటి వాక్యం వ్యాఖ్యకు నోచుకోకపోతే ఎలాగని ఒక డెవలపరు పూనుకున్నాడు. అప్పటికి ఆయన తెర మీద గుండ్రం తిరుగుతోంది, చేతిలో వేరే పనీ లేదు.

‘డెవలపర్లందరూ’ సుగమం.

‘వర్చువల్’: అద్దంలో కనబడే బొమ్మను బడి పుస్తకాలు మిథ్యా ప్రతిబింబం అంటాయి కనుక ఇది మిథ్యా యంత్రం. వేదాంతికి ఇక్కడే చిక్కు. తాడులో తోచిన పాము కరవదు. ఈ మిథ్య మాత్రం ల్యాప్‌టాప్‌లో ఉన్న 8 జీబీ ర్యామ్‌లో 4 జీబీ నిజంగానే మింగుతుంది. లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌ను ‘గెస్ట్’ అంటారట. తిథి చూసుకోకుండా వచ్చేవాడు అతిథి. ఈయన సగం ఇల్లు రాయించుకుని వచ్చాడు.

మిథ్య కొత్తదేమీ కాదు. ఐబీఎం 1972లోనే వీఎమ్/370 పేరిట ఒకే పెద్ద యంత్రాన్ని ఎవరికి వారికి సొంతమన్నట్టు చూపించింది. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇలాంటి యంత్రానికి లక్షణాలు చెప్పారు: లోపలి ప్రోగ్రాముకు అసలు యంత్రంలో ఉన్నట్టే ఉండాలి, పెత్తనం అసలు యంత్రాన్ని పంచిపెట్టే పర్యవేక్షకుడిదే కావాలి, వేగం పెద్దగా తగ్గకూడదు. ఇంటెల్ ప్రాసెసర్లలో కొన్ని ఆదేశాలు ఈ లక్షణాలకు లొంగలేదు. పెంటియంలో అలాంటి మొండి ఆదేశాలు 17 అని 2000లో లెక్క తేలింది. వాటిలో ‘పాప్‌ఎఫ్’ మహా గడుసుది. అధికారం లేనివాడు దానితో అంతరాయాలు (ఇంటరప్ట్‌లు) ఆపబోతే ఆపదు, తప్పని అరవనూ అరవదు; ఏమీ ఎరగనట్టు ముందుకు సాగిపోతుంది. అరిస్తే కదా పర్యవేక్షకుడు పరుగెత్తుకొచ్చేది! 1999లో వీఎంవేర్ దీనికి టీకాకారుల ఉపాయమే పన్నింది. అతిథి ఆదేశాలను ముందే చదివి, పేచీ పెట్టేవాటిని అప్పటికప్పుడు మార్చి రాసింది. 2005లో ఇంటెల్ చిప్‌లోనే వసతి పెట్టేసరికి ఆ పాఠపరిష్కారానికి గిరాకీ తగ్గింది. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మన సంస్కృత కావ్య వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఈ టీకాకారుడు రెండోది ఎప్పుడో తప్పాడు.

సరే, ‘లోనే’. ఇందులోని ఏకారం అవధారణార్థకం. బాధంతా ఈ ఒక్క అక్షరంలోనే ఉంది. సర్వరులో ఉన్న ఉబుంటునే లోపల పెట్టుకుని, ఇష్టమొచ్చినట్టు చెడగొట్టి, స్నాప్‌షాట్‌తో నిన్నటికి వెళ్లిపోవడం ఎంత సుఖమో చేసినవాడికి తెలుసు. దాన్నెవరూ కాదనలేదు. కానీ మన డెవలపరు రాసేది మొబైల్ యాప్. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ తనే ఒక వర్చువల్ మెషీన్. మెషీన్‌లో మెషీన్ సవ్యంగా నడవాలంటే నెస్టెడ్ వర్చువలైజేషన్ తెరవాలి. ఆ తాళం ఐటీ విభాగం దగ్గరుంది. తాళం లేకుండా నడిపితే తెర మీద ఫోన్ బొమ్మ వెలిగేలోపు కిందికి దిగి టీ తాగి రావచ్చు. తాగి వచ్చాడు కూడా. బొమ్మ ఇంకా నల్లగానే ఉంది.

‘నిర్వహించవలెను’: విధ్యర్థకం. ఎంత ర్యామ్‌తో అన్నది అధ్యాహారం.

తాత్పర్యం: పని ఆగకూడదు, ర్యామ్ అడగకూడదు.

టీక ముగిసింది. ఆ తాళం కోసం ఐటీ విభాగానికి పెట్టిన టికెట్ మాత్రం మూడు వారాలుగా తెరిచే ఉంది.