అసాధారణుడిగా దరఖాస్తు చేసుకునే విధానం

గొప్పవాణ్ణి గొప్పవాడనడానికి ఇంగ్లీషులో మాటలకు కొదవ లేదు. ఎక్స్‌ట్రార్డినరీ, అవుట్‌స్టాండింగ్, ఎక్సెప్షనల్, ప్రామినెంట్, రెనౌన్డ్. సన్మాన సభలో వక్త ఏది ముందు వాడినా, ఏది వెనక వాడినా చప్పట్లు ఒకటే. అమెరికా వలస చట్టంలో మాత్రం వీటికి మెట్లున్నాయి. మనిషి ఏ మెట్టు మీద ఉన్నాడన్నదాన్ని బట్టి గ్రీన్‌కార్డు క్యూలో అతని చోటు మారుతుంది. ఆ క్యూలో ఏళ్ల తరబడి నిలబడ్డ తెలుగు ఇంజినీరు కోడింగ్ కాసేపు పక్కన పెట్టి పర్యాయపదాలు నేర్చుకోవడం మంచిది.

ముందుగా నిఘంటువు మూసేయాలి. ఎక్సెప్షనల్ అంటే సాటిలేనివాడని అది చెబుతుంది. చట్టంలో అది ఈబీ-2, అంటే కింది మెట్టు. అక్కడ ఆరు ప్రమాణాల్లో కనీసం మూడు చూపాలి. పదేళ్లు పనిచేశాడని పాత యజమానులిచ్చే ఉత్తరాలు వాటిలో ఒకటి. దాని పైమెట్టు అవుట్‌స్టాండింగ్. ప్రొఫెసర్లకూ పరిశోధకులకూ తప్ప అది దొరకదు. (బ్యాంకులు ఇదే మాటను తీరని బాకీకి ఇంకాస్త ఉదారంగా వాడతాయి.) అదే ఈబీ-1 మెట్టు మీద, దాని పక్కనే కూర్చున్నది ఎక్స్‌ట్రార్డినరీ. 1990 నాటి చట్టం తెచ్చిన ఈ ఎక్స్‌ట్రార్డినరీ తరగతిలో, తన రంగంలో శిఖరానికి చేరిన కొద్దిమందిలో అభ్యర్థి ఒకడై ఉండాలి. అదే మాట మీద ఒక చిత్రకారుడు తాత్కాలిక ఓ-1 వీసా అడిగితే, అక్కడ ఎక్స్‌ట్రార్డినరీకి అర్థం డిస్టింక్షన్ అని నిబంధనలే సర్దుకుంటాయి. మాట ఒకటే, బరువు వృత్తిని బట్టి.

హెచ్-1బీ సంగతి మరీ వింత. ఇంజినీరుకు సంబంధిత డిగ్రీ ఉంటే సరిపోతుంది. అదే వీసా మీద వచ్చే ఫ్యాషన్ మోడల్ మాత్రం ప్రామినెంట్ అయి ఉండాలి. ప్రామినెంట్ అంటే? రెనౌన్డ్, లీడింగ్, లేదా వెల్‌నోన్ అంటాయి నిబంధనలు. రెనౌన్డ్ అంటే ఏమిటని అడగకూడదు.

ఎక్స్‌ట్రార్డినరీ కావడానికి దగ్గర దారి ఒకటుంది: నోబెల్. అది కుదరకపోతే, 2023లో ‘నాటు నాటు’కు కీరవాణి, చంద్రబోస్ అందుకున్నలాంటి ఆస్కార్.

ఇవి రెండూ ఇంట్లో లేనివారు పది ప్రమాణాల్లో కనీసం మూడు నింపాలి. బహుమతులు జాతీయ, అంతర్జాతీయ గుర్తింపు ఉన్నవై ఉండాలి. ఉగాది వేడుకల్లో కప్పిన శాలువాలు ఎన్ని మడతలు పెట్టి జతచేసినా లెక్కకు రావు. సంఘ సభ్యత్వం ఉండాలి, కానీ చందా కడితే వచ్చేది కాదు. ప్రతిభను నిపుణులు తూచి ఇచ్చింది కావాలి. ఇతరుల పనికి న్యాయనిర్ణేతగా కూర్చోవాలి. పిలుపు వచ్చిందంటే కుదరదు, నిజంగా కూర్చున్నట్టు రుజువు కావాలి. పెళ్లిచూపుల్లో మొహమాటపడుతూ అడిగే ప్యాకేజీని ఇక్కడ మొహమాటం లేకుండా చెప్పాలి, ఎక్కువ జీతం కూడా ఒక ప్రమాణమే. మూడు నిండాయని సంబరపడనక్కర్లేదు. 2010లో కజారియన్ కేసు తీర్పు వచ్చాక, లెక్క సరిపోయిన ఫైలును కూడా అధికారి మొత్తంగా మరోసారి తూస్తాడు.

అసలు అడ్డంకి పెంపకం. ‘ఏదో మీ దయవల్ల’ అనడం మర్యాదగా నేర్చుకున్న మనిషి, ఈ తరగతికి వేసే ఐ-140 అనే దరఖాస్తును యజమాని పేరున కాక తన పేరునే వేసుకోవచ్చు. అంటే తాను అసాధారణుణ్ణని తానే సంతకం పెట్టాలి. దయ చూపినవాళ్లు సిఫార్సు ఉత్తరాలు రాస్తారు, కానీ ‘చాలా తెలివైనవాడు’ అంటే పనికిరాదు; ఏం చేశాడో, దాని వల్ల రంగంలో ఏం మారిందో చెప్పాలి.

చివరగా పత్రికా కథనాలు. తెలుగు దినపత్రిక జిల్లా పేజీలో పడ్డ వార్తను పెద్ద పత్రికలో వచ్చిన వార్తగా చూపాలనుకుంటే, శీర్షిక, తేదీ, రాసినవారి పేరుతోపాటు పూర్తి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. అనువాదం సమగ్రమనీ, కచ్చితమనీ అనువాదకుడు సంతకం చేయాలి. మన జిల్లా పేజీల్లో ‘ప్రముఖ’ అన్న మాట పడనివారు అరుదు. ఒకే వార్తలో ప్రముఖ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, ఆయన్ని సన్మానించిన ప్రముఖ వ్యాపారి, సభకు వచ్చిన ప్రముఖ న్యాయవాది ఉంటారు. ప్రామినెంటా, రెనౌన్డా, ఎమినెంటా అని పెన్ను పట్టుకుని ఆలోచించాల్సింది ఆ అనువాదకుడే.