స్థానచలన ప్రియుడు

చెడిపోయిన యంత్రమును బాగుచేయువాడు మనకు మహోపకారి. చక్కగా నడచుచున్న యంత్రమును బాగుచేయువాడు మాత్రము తప్పక మనకు బంధువై యుండును. ఈ రెండవ తెగవారు లేని వంశము నే నెఱిగినంతవఱకు లేదు. నూతియొద్ద నిక్షేపముగా నున్న పంపు మోటారును పెరటి గోడ కడకును, అచ్చటినుండి మేడమెట్ల క్రిందికిని మార్చి, ఇంటిల్లిపాదిని బిందెలతో ప్రక్కయింటికి పంపిన పెదనాన్నగారొకరు మీ యింటను ఉండియే యుందురు. మా యింట ఆ పదవి నలంకరించినవారు మా బావగారు.

వీరు చిరకాలముగా టెక్సాస్ రాష్ట్రమున డాలస్ నగరపు శివార్లలో నివసించుచు, పగలెల్ల కంప్యూటరు కొలువు చేసి, సాయంకాలమున 1972 నాటి షెవ్రొలే సీ-10 పికప్పు బండికి శుశ్రూష చేయుచుందురు. బండియు బావగారును ఇంచుమించు ఒక యీడువారు. ఉదయమున లేచునప్పుడు మూల్గుటయందును ఇరువురికి సామ్యము కలదు. వంటింట గిన్నెలు కడుగు యంత్రము మాసములుగా మూలబడియున్నను దానివంక బావగారు కన్నెత్తియైన చూడరు. చెడిన వస్తువును బాగుచేయుట కూలిపని యనియు, చెడని వస్తువును బాగుచేయుట కళ యనియు వీరి యభిప్రాయము. పికప్పు చక్కగా నడచుచుండెను. అదియే దాని యపరాధము.

వీరి సిద్ధాంతము నవధరింపుడు. ఇంజనునకు పెట్రోలెంత యవసరమో గాలియు నంత యవసరము. చల్లగాలి సాంద్రమైనది, వేడిగాలి పలుచనైనది. ఉష్ణము 10 సెంటిగ్రేడు డిగ్రీలు హెచ్చినచో గాలి సాంద్రత నూటికి సుమారు 3 పాళ్ళు తగ్గును. ఆ కాలపు బండ్లలో గాలిని వడగట్టు డబ్బా, కార్బురేటరు నెత్తిమీద పళ్ళెము బోర్లించినట్లు కూర్చుండి, ఇంజను కక్కిన వేడిగాలినే మరల ఇంజనునకు పట్టుచుండును. టెక్సాస్ వేసవిలో వీధిలోనే 38 డిగ్రీలు దాటుచుండగా బానెట్టు క్రింది సంగతి చెప్పనేల? కావున డబ్బాను అచ్చటినుండి తొలగించి, హెడ్‌లైటు వెనుకనుండి గొట్టము ద్వారా బయటిగాలిని తెప్పింపవలెను. ఇంతవఱకు సర్వము న్యాయముగానే యున్నది. కాని గొట్టము రావలసిన ఆ కుడిమూలనే కంపెనీవారు బ్యాటరీని ప్రతిష్ఠించియుండిరి. గొట్టమును మఱియొక దారిని త్రిప్పరాదా యని నేనడిగితిని. బావగారు నావంక మిక్కిలి జాలితో చూచి, "బ్యాటరీ కూడా మార్చకపోతే ఇక మార్చినట్టేముందోయ్?" అనిరి.

బ్యాటరీని సీటు వెనుక పెట్టుదమని తొలి సంకల్పము. అయితే ఆ తరపు షెవ్రొలే పికప్పులలో పెట్రోలు ట్యాంకు సీటు వెనుకనే, మనుష్యులు కూర్చుండు క్యాబినులోనే యుండును. 1973లో క్రొత్త నమూనా వచ్చునంతవఱకు అది బయటికి పోలేదు. ఛార్జి యగునప్పుడు బ్యాటరీనుండి హైడ్రోజను వెలువడునని హైస్కూలు బాలుడును చెప్పగలడు. దానిని పెట్రోలు ట్యాంకు సరసను కూర్చుండబెట్టుట మా అక్క మంగళసూత్రములతో పరిహాసమాడుటయే. ఈ యపాయమును నాకు విశదీకరించినవారును బావగారే. విశదీకరించునప్పుడు వారి కన్నులు మెఱసిన తీరు చూచి నాకు భయము వేసినది. తుదకు బ్యాటరీ బండి వెనుకభాగమున, సామాను తొట్టి క్రింద, ఛాసీ ప్రక్కకు చేరినది.

బ్యాటరీ వెనుకకు పోవుటతో తీగ పొడవు పెరిగినది. స్టార్టరు తిరుగునప్పుడు 200 ఆంపియర్ల వఱకు లాగును. 15 అడుగుల పొడవున నాలుగవ నంబరు రాగితీగ వేసినచో దారిలోనే ముక్కాలు వోల్టు హరించిపోవును. ఒక సున్నా నంబరు తీగ వేసినచో ఆ నష్టము సగముకన్న తగ్గును. అమెరికావారి లెక్కలో నంబరు తగ్గినకొలది తీగ లావగును. లావైనకొలది వెల హెచ్చును. బ్యాటరీ మొదలనే ఫ్యూజుండవలెను, ఇనుపరేకు దాటుచోట తీగ ఒరసికొనకుండ రబ్బరు బుషింగు ఉండవలెను, ఎర్తు తీగయు అంతే లావుగా నుండవలెను. ఈ శాస్త్రమంతయు నాకు భోజనములవేళ, సాంబారు చల్లారుచుండగా, బోధింపబడినది. వినక తప్పదు, వడ్డించువారు వారి పక్షము.

వీరింట అతిథులకు నియతమైన యుద్యోగ మొకటి కలదు. అది టార్చిలైటు పట్టుట. గాల్వెస్టన్ సముద్రము చూపించెదమని పిలువబడిన నేను, గ్యారేజిలో ఆ యుద్యోగమునందు ప్రవేశించి సెలవు పూర్తియగువఱకు విరమింపలేదు. వెలుగు పడవలసిన చోట తప్ప తక్కిన చోట్లనెల్ల నేను పట్టుచుంటినని వీరి యారోపణ. పడవలసిన చోట ఎల్లప్పుడును వీరి తలయే యుండెనని నా ప్రతివాదము. ఆ వ్యాజ్యెము నేటికిని తేలలేదు. అయితే ఈ వ్యాధి అంటువ్యాధి కాబోలు: ఫ్యూజు ఎడమ ప్రక్క కంటె కుడి ప్రక్క నున్న సొగసుగా నుండునని ఒకనాటి రాత్రి సలహా యిచ్చినవాడను నేనే. బావగారు ఆనందబాష్పములొక్కటియే తక్కువగా నన్ను కౌగిలించుకొనిరి.

గాలి వచ్చి బ్యాటరీని త్రోసినది. బ్యాటరీ వచ్చి పనిముట్ల పెట్టెను త్రోసినది. పెట్టె వచ్చి బియ్యపు బస్తాలను, బస్తాలు వచ్చి చలికాలమున గ్యారేజిలో తలదాచుకొన్న కరివేపాకు కుండీని త్రోయగా, అది హాలులో సోఫా నాక్రమించినది. నట్లు, బోల్టులు ఊరగాయ సీసాలలో చేరినవి. బిగింపు ముగిసిన పిదప మిగిలిన బోల్టులను కంపెనీవారు అనవసరముగా పెట్టిరని బావగారు తేల్చిరి. "ఆయన చేతికి అందనివేరా ఈ ఇంట్లో ఉన్నచోట ఉన్నవి," అని అక్క నిట్టూర్చినది.

ఇట్టివారిని కేవలము హేళన చేయుట ధర్మము కాదు. 2021 ఫిబ్రవరిలో మంచు తుపాను టెక్సాస్‌ను ముంచెత్తి లక్షలాది యిండ్లకు కరెంటు పోయినప్పుడు, ఇదే పికప్పు బ్యాటరీకి చిన్న ఇన్వర్టరు తగిలించి, పేరైన తెలియని ఇరుగుపొరుగువారి ఫోనులకెల్ల ప్రాణము పోసినవారు మా బావగారు. గడ్డకట్టు చలిలో వీధివాకిట నిలువబడి, అందఱి పేరులును అడిగి వరుసగా వ్రాసికొనిరట. అప్పుడు బ్యాటరీ స్వస్థానముననే యుండెను, బానెట్టెత్తగానే చేతికందెను. ఇప్పుడైనచో మంచులో వెల్లకిల పరుండి బండి క్రిందికి ప్రాకవలెను.

చెప్పుట మఱచితిని, వేడిగాలిని నివారించు ఈ యజ్ఞమంతయు జరిగినది జనవరి మాసమున. కార్బురేటరులో పెట్రోలు ఆవిరియగునప్పుడు చలి పుట్టి, గాలిలోని తేమ గడ్డకట్టుననియే, శీతకాలమున పొగగొట్టముచెంతనుండి వెచ్చనిగాలి పీల్చుటకై ఆ పాత డబ్బాకు కంపెనీవారొక యేర్పాటు చేసియుండిరి. డబ్బాతోపాటు అదియు పోయినది. మఱునాటి తేమగల యుదయమున బండి వీధిమలుపువఱకు పోయి దగ్గి ఆగినది. వెనుకనున్న కార్లు హారనులు మ్రోగించుచుండగా, బావగారు దిగి, గొట్టము మూతి కడ అరచేయి పెట్టి, "చూశావా, గాలి ఎంత చల్లగా వస్తోందో!" అనిరి. విజయము సంపూర్ణము.

వారు ఈ వేసవిలో స్వదేశమునకు రానున్నారు. బస మా యింటనే. మా యింటి ఇన్వర్టరు ఏ లోపమును లేక పనిచేయుచున్నది. ఆ సంగతి మాత్రము వారి చెవిని వేయవలదని పాఠకమహాశయులను ప్రార్థించుచున్నాను.