పడసాల కింది జొన్నపాతరను

గుత్తి కోట కనబడే ఒక పల్లెలో, రెడ్డిగారి తొట్టిమిద్దె పడసాల కింద ఉంటాను. ఊరికొచ్చినవాళ్ళు మూడడుగుల మందం రాతిగోడలూ, టేకు దూలాలూ చూసి, ఇంత ఇల్లు ఎందుకు కట్టుకున్నారో అని ఆశ్చర్యపోతారు. ముందు తవ్వింది నన్ను. ఇల్లు నా మీద తర్వాత లేచింది.

నాది సన్నటి మెడ, వెడల్పాటి కడుపు. లోపల చుట్టూ చొప్ప పరిచి, బాగా ఎండిన జొన్నలు పోసి, మూతి మీద బండ పెట్టి మట్టితో మెత్తేవాళ్ళు. గాలి ఆడకపోతే పురుగు బతకదు, గింజ ఏళ్ళ తరబడి నిలుస్తుంది. తెరిచిన రోజు మాత్రం గబుక్కున ఎవరూ దిగకూడదు. ముందు దీపం దించుతారు. అది ఆరిపోతే మనిషికీ ఊపిరాడదని అర్థం. అడుగు గింజలకు ముక్కవాసన పట్టేది. ఆ జొన్నలతో చేసిన సంకటి కూడా అదే వాసన వేసేది, అయినా కరువులో ఎవరూ వద్దనలేదు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ వస్తే వచ్చినట్టు. ఇలాంటి సీమలో ఒక పంట రెండేళ్ళు కాయాలి. పాతర్లకు, గాదెలకు, ఎద్దులకు, జీతగాళ్ళకు, అన్నదమ్ముల సంసారాలకు చోటు కావాలి. పైగా దోపిడీల భయం. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కుంఫిణీకి వదిలేసి, మన్రో దొర కలెక్టరుగా వచ్చేనాటికి ఊళ్ళ మీద పాళెగాళ్ళ పెత్తనం నడుస్తోంది. అందుకే ఈ మిద్దెకు వీధివైపు కిటికీ ఒక్కటీ లేదు. వెలుతురంతా పైకప్పు గవాచి నుంచే.

పైమిద్దె కథ వేరు. 1876లో ధాత కరువు మొదలైంది. గుత్తి మీదుగా మద్రాసు–రాయచూరు రైలు అప్పటికే నడుస్తోంది. ధర ఎక్కడ ఎక్కువ పలికితే గింజ అక్కడికి పోయేది. 1877లో కరువు చూసేందుకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ సర్కారు కరువు పనుల్లో మగమనిషికి రోజుకు ఒక పౌండు గింజలు, ఒక అణా కూలి ఖాయం చేశాడు. రాళ్ళు మోసే మనిషికి అది ఏ మూలకు?

ఆ రోజుల్లోనే నా మూత తీశారు. పైన ఒక ఆడమనిషి గొంతు వినబడింది: "రెడ్డీ, పిల్లోళ్ళు మూడు దినాల్నుంచీ ఏమీ తినల్యా. చేను రాసిస్తా, రెండు తూములు కొలిపీ."

కొలిచారు. చేనూ రాయించుకున్నారు. నాగువడ్డీకి గింజలు తీసుకున్నవాళ్ళ చేలూ అలాగే వచ్చాయి. ఊరివాళ్ళు పొద్దంతా రాళ్ళు మోస్తే సాయంత్రం నాలోంచి తీసిన జొన్నలే కూలి. పైమిద్దె లేచింది అలా. లక్నోలో నవాబు ఆసఫుద్దౌలా 1784 కరువులో బడా ఇమాంబాడా కట్టించి జనానికి పని చూపాడని గొప్పగా చెబుతారు. ఇక్కడా ప్రాణాలు నిలిచాయి, కాదనను. కానీ కడుపు నింపిన గింజే చేలను లాక్కుంది. నా గింజతోనే రెండూ జరిగాయి, ఆ బాధ నన్ను వదలదు.

తర్వాత చేలల్లో వేరుశెనగ నిండింది. కాయలు నూనె మిల్లుకు, డబ్బు బ్యాంకుకు పోయాయి, నాలో పొయ్యడానికి ఏమీ మిగల్లేదు. అన్నదమ్ములు పంచుకుని తొట్టికి అడ్డంగా గోడ కట్టారు. ఇప్పుడు ఇంట్లో ఉండేది ముసలివాళ్ళిద్దరే, బియ్యం నెలనెలా కొనుక్కుంటారు. పిల్లలు పడతారని నా మూతి సిమెంటుతో మూసేశారు.