ఖాళీ తొట్టి దొరలు

మియాపూర్ అపార్ట్‌మెంట్లలో ఈ మధ్య ఒక కొత్త తెగ తయారైంది. పికప్ ట్రక్కు దొరలు. బండికి ముప్పై లక్షలు, దాని అలంకారాలకు ఇంకో నాలుగు. వెనకాల పెద్ద తొట్టి, తొట్టి మీద మూత, మూతకు తాళం. ఆ మూత ఎందుకండీ అని మా బ్లాకాయన్ని అడిగితే "దుమ్ము పడుతుంది కదండీ" అన్నాడు. సరుకు మోయడానికి పుట్టిన బండిలో సరుకు పెట్టే చోట దుమ్ము కూడా పడకూడదు. మొన్న ఆయన ఫ్రిజ్ రిపేరుకు పంపాల్సి వస్తే ట్రాలీ ఆటోని పిలిపించాడు. కిరాయి దగ్గర యాభై రూపాయల కోసం పావుగంట బేరమాడాడు, తన ట్రక్కుకే ఆనుకుని నిలబడి.

ఆయనది టొయోటా హైలక్స్, పొడవు 5,325 మిల్లీమీటర్లు. అంటే పదిహేడున్నర అడుగులకు ఓ పిసరు తక్కువ. మా సెల్లార్‌లో బండికి గీసిన గడి పదహారడుగులు. మిగిలిన ముక్క జనం నడిచే దారిలోకి వస్తుంది. వాచ్‌మన్ ఊరుకోకుండా దానికి ఎర్రగుడ్డ కట్టాడు, ఇనుప చువ్వల లోడుకు కట్టినట్టే. దొరగారికి వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ బండికి లోడుబండి మర్యాద దక్కింది ఆ ఒక్క పూటే.

ఇంత బండి ఎందుకంటే మొదటి జవాబు "రోడ్లు బాగోలేవండీ". ఒప్పుకుందాం. కానీ ఆయన రోజూ వెళ్లేది ఆల్విన్ చౌరస్తా, హఫీజ్‌పేట, కొండాపూర్, హైటెక్ సిటీ. ఆ దారికి కావలసింది ఫోర్ వీల్ డ్రైవ్ కాదు, ఓపిక. 204 హార్స్ పవర్ ఇంజన్ హఫీజ్‌పేట ఫ్లైఓవర్ ఎక్కడంలో నడిచే ముసలాయనతో పందెం వేసి ఓడిపోతుంటుంది. వానొస్తే నీళ్లు నిలుస్తాయి గనక స్నార్కెల్ గొట్టం పెట్టించానంటాడు. ఏడు వందల మిల్లీమీటర్ల నీళ్లలోంచి బండి దాటుతుంది, నిజమే. ముందు ఆగిపోయిన ఆల్టోని దాటించే కిట్ మాత్రం ఇంకా ఎవరూ అమ్మడం లేదు. అయినా అంత వాన పడితే ఆఫీసువాళ్లు ఇంటి నుంచే పని చేయమంటారు. ఆ రోజు స్నార్కెల్ సెల్లార్‌లో పొడిగాలి పీలుస్తూ ఉంటుంది.

రెండో జవాబు "మాది రైతు కుటుంబమండీ". పొలం కౌలుకిచ్చి పదిహేనేళ్లయింది. సంక్రాంతికి ఊరెళ్తారు, బండిని గట్టు మీద నిలబెట్టి ఫొటోలు దిగుతారు. ఊళ్లో పెదనాన్న ఇచ్చిన బియ్యం బస్తాలు మాత్రం తర్వాత లారీ పార్సిల్‌లో వస్తాయి. గోనెసంచి గీకితే తొట్టికి వేయించిన కోటింగ్ పోతుందట.

ఇసుజు వి-క్రాస్ కొన్నవాళ్లకు స్వదేశీ గర్వం అదనం. "మన శ్రీసిటీలో తయారైందండీ." నిజమే, ఇసుజు ఫ్యాక్టరీ అక్కడ 2016లో మొదలైంది. ఆ ఫ్యాక్టరీలోనే సింగిల్ క్యాబ్ డి-మ్యాక్స్ కూడా తయారవుతుంది. అది సంతకెళ్తుంది, ఇది జిమ్‌కెళ్తుంది.

డాలస్ నుంచి తిరిగొచ్చినవాళ్ల బాధ వేరు. అక్కడ ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కు నడిపిన జ్ఞాపకం వాళ్లని నిద్రపోనివ్వదు. అమెరికాలో స్వదేశీ ట్రక్కులు అంతలా ఏలడానికి ఒక కారణం కోడి. 1960ల్లో యూరప్‌వాళ్లు అమెరికా కోళ్ల మీద సుంకం పెంచితే, జాన్సన్ ప్రభుత్వం పగబట్టి దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం వేసింది. దాంతోపాటే బ్రాందీ మీద, బంగాళాదుంప పిండి మీద వేసినవి తర్వాత పోయాయి, ట్రక్కుల మీదది ఉండిపోయింది. అరవై ఏళ్ల కిందటి కోళ్ల తగాదాకి మియాపూర్‌లో మన సెల్లార్ ఇరుకైంది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. బుల్ బార్ దగ్గర నవ్వు రాదు. మెట్రో స్టేషన్ ముందు రోడ్డు దాటే మనిషి ఛాతీ ఎత్తుకు సరిగ్గా బండి ముందు ఇనుప కమ్మీలు బిగిస్తారు. వాటివల్ల పాదచారులకు ప్రమాదమనీ, చట్టవిరుద్ధమనీ కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. అవి ఉంటే ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు కూడా సరిగ్గా పనిచేయకపోవచ్చు, అంటే లోపలి దొరకీ క్షేమం కాదు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. మా బ్లాకాయన చట్టాన్ని గౌరవించే మనిషే. తనిఖీల స్పెషల్ డ్రైవ్ అని తెలిసిన రోజు బండిని బయటికి తీయడు.

ఇక వీళ్ల ఆఖరి మాట, "మోడిఫై చేసిన బండి చరిత్రలో నిలిచిపోతుంది." తెలుగువాళ్లకు గుర్తుండిపోయిన బండి లేకపోలేదు. 1982లో ఎన్టీఆర్ ప్రచారానికి పాత షెవర్లే వ్యానుని మార్పించుకున్నారు. పైకెక్కి మాట్లాడేందుకు చోటు, మైకులు. స్టీరింగ్ దగ్గర కొడుకు హరికృష్ణ. అందులో పనిలేని మార్పు ఒక్కటి చూపించండి. నలభై ఏళ్ల తర్వాత పవన్ కల్యాణ్ ప్రచార బండి వారాహి రంగు మిలిటరీ ఆకుపచ్చా కాదా అని రెండు పార్టీలు కొట్టుకున్నాయి. ఆ బండి మీద కూడా ఎక్కి మాట్లాడే మనిషంటూ ఉన్నాడు. బహదూర్‌పురాలో సుధాకర్ వంకాయ కారూ, బర్గర్ కారూ చేసి మ్యూజియంలో పెట్టాడు. ఆఫీసుకెళ్లడానికి వంకాయే అవసరమని ఆయన ఎన్నడూ అనలేదు.

మిగతా జ్ఞాపకాలన్నీ మోసిన బళ్లవే. ఆల్విన్ కంపెనీ వాళ్లు నిస్సాన్‌తో కలిసి మా మియాపూర్ మీదుగా పోయే ముంబై హైవే మీదే జహీరాబాద్‌లో ట్రక్కులు చేశారు. తర్వాత అది మహీంద్రా చేతికి పోయింది, మనకు చౌరస్తా మిగిలింది. డీసీఎం టొయోటా కంపెనీ ఎప్పుడో పోయింది, తెలంగాణలో ఇప్పటికీ ఏ వ్యాను బోల్తా పడినా పేపర్లో "డీసీఎం" అనే వస్తుంది. అదీ టొయోటానే అని హైలక్స్ ఓనర్‌కి చుట్టరికం కలిపి చూడండి, ముఖం మాడ్చుకుంటాడు.

మా బ్లాకాయన పోయిన నెల బండి అమ్మేశాడు, ఈఎంఐ భారమై. కొన్నది భీమవరం వైపు రొయ్యల రైతు. ఆయన మొదట మూత పీకించాడు, తర్వాత బుల్ బార్ పాతసామానుకిచ్చాడు. తొట్టి నిండా మేత బస్తాలేసి, పైన ఇద్దరు మనుషుల్ని కూర్చోబెట్టి ఫొటో పంపాడు, బండి బ్రహ్మాండంగా ఉందండీ అని. మా బ్లాకాయన లిఫ్ట్‌లో ఆ ఫొటో అందరికీ చూపిస్తున్నాడు, కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ.

"చూడండి సార్, ఎలా వాడుతున్నాడో!"