విలువలకు ఏ ప్లస్

తెలంగాణ పదో తరగతి మెమోలో సబ్జెక్టుల మార్కులతో పాటు 'విలువల విద్య, జీవన నైపుణ్యాలు' అని ఓ వరుస ఉంటుంది. దానికీ గ్రేడే. ఆ పీరియడు మాత్రం టైంటేబుల్లోనే కనబడుతుంది. అసలు పీరియడును జూన్‌లోనే లెక్కల సారు పట్టుకుపోతారు. అయినా గ్రేడుకు లోటు లేదు. పక్కవాడి పేపర్లో చూసి రాసినవాడికీ ఏ ప్లస్సే, జ్వరమొచ్చిన స్నేహితుడికి నోట్సంతా రాసిపెట్టినవాడికీ ఏ ప్లస్సే. ఇంతటి సామాజిక న్యాయం ఇంకెక్కడ దొరుకుతుంది!

600కు 590 దాటితే బస్టాండు ముందు ఫ్లెక్సీ. మన నోట్సు పిల్లాడికి 412. "ఊళ్లోవాళ్ల నోట్సులు రాస్తూ కూచుంటే మార్కులెట్లొస్తయిరా?" అని తండ్రి వీపు విమానం మోత మోగించాడు. అన్నట్టు, జ్వరం తగ్గిన ఆ స్నేహితుడి ఫొటో ఫ్లెక్సీలో ఉంది.