ఎర్రబోరు పిల్లలూ, మొక్క నాటండి!

ఛత్తీస్‌గఢ్‌లోని ఎర్రబోరు బడిపిల్లలారా, మీ మీద దేశానికి ఒక బెంగ ఉంది. మీకు పర్యావరణ స్పృహ చాలదట. అది నేర్పి తీరాలని సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న, ఎం.సి. మెహతా కేసులో ఆదేశించింది. బడిలో తప్పనిసరి పాఠం, సినిమా హాల్లో ప్రతి ఆటకూ ఉచితంగా స్లయిడ్లు. సినిమా హాలు సంగతి అలా ఉంచుదాం. ముందు బడి సంగతి చూద్దాం.

2005లో మావోయిస్టుల మీదకు సర్కారు అండతో సల్వాజుడుం మొదలై, మీ కుంట ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు చేర్చారు. ఎర్రబోరులోనూ ఒక శిబిరం వెలిసింది. 2006 జులైలో ఒక రాత్రి మావోయిస్టులు దాని మీద పడ్డారు. 30 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. దీని మీద వెటకారానికి నాకు చెయ్యి రాదు, ముందుకు పోతాను. భద్రతా బలగాలు బడుల్లో దిగాయి. బలగాలు దిగుతాయని మావోయిస్టులు బడులు పేల్చారు. బడి భవనం విలువ ఇద్దరికీ ఎంత బాగా తెలుసో చూశారా! 2011 జనవరిలో సుప్రీంకోర్టు బలగాలను బడులు ఖాళీ చేయమంది. జులై 5న మన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ జుడుం ఆట కట్టించారు. కూలిన బడుల బదులు మీకు వెదురు తడికల పోర్టా క్యాబిన్లు వచ్చాయి. ఢిల్లీలో ఎవరైనా వెదురుతో బడి కడితే హరిత భవనమని బహుమతి ఇచ్చేవాళ్లు. మీకు కడితే సర్దుబాటు అన్నారు.

ఇక పాఠం. ఇంట్లో దొర్లా మాటో కోయ మాటో మాట్లాడే మీకు, పర్యావరణం హిందీలో వస్తుంది. నీరు పొదుపుగా వాడాలి, చెట్లు నరకరాదు, కొళాయి కట్టేయడం మరవరాదు. వాగు ఇసుకలో చెలమ తీసి, తేట నీళ్లు ఊరేదాకా ఓపిగ్గా కూర్చునే పిల్లకి నీటి పొదుపు బోధించాలంటే గుండెధైర్యం కావాలి. మన పాఠ్యపుస్తకాలకు అది పుష్కలంగా ఉంది.

మీకు ఉత్తరాన బైలడిలా కొండలున్నాయి. అక్కడ సర్కారు సంస్థ ఎన్‌ఎండీసీ 1968 నుంచి ఇనుము తవ్వుతోంది. గని బురద దిగి శంఖిని నది ఎర్రబారింది. ఆ ఒడ్డున ఊళ్ల వాళ్లు దాన్ని ‘లాల్ పానీ’ అంటారు. ఖనిజం కొంత రైలెక్కి విశాఖ పోతుంది. కొంత మెత్తటి పొడిగా, నీళ్లలో కలిసి, 267 కిలోమీటర్ల గొట్టంలో అక్కడికే పోతుంది. కొళాయి కట్టేయమనే పాఠం ఈ గొట్టం చివర ఎవరికైనా చెప్పారో లేదో! విశాఖ పాతనగరంలో పోర్టు ధూళి ఆరేసిన బట్టల మీదా, పిల్లల ఊపిరితిత్తుల్లోనూ పేరుకుంటుంది. ఆ పిల్లలకూ ఇదే పాఠం, కాకపోతే తెలుగులో.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో మన దేశం 1992లో చేరింది. అందులో 29వ అధికరణ, పిల్లలకు ప్రకృతి పట్ల గౌరవం నేర్పమంటుంది. 24వది, కాలుష్యం ముప్పును గమనించుకుని వాళ్లకు శుభ్రమైన తాగునీరు అందించమంటుంది. సర్కారుకు 29 కంఠతా వచ్చు. 24 దగ్గరే నాలుక మడత పడుతుంది.

2024లో ‘అమ్మ పేరిట ఒక మొక్క’ అని ఉద్యమం తెచ్చారు. నాటండి, ఫొటో కూడా పంపండి. పర్యావరణ దినం జూన్ 5 బడి సెలవుల్లో వస్తుందని బెంగపడకండి, ఫొటోకి సెలవు ఉండదు. చుట్టూ అడవే కదా, ఇంకా ఎక్కడ నాటాలి అని గురూజీని అడగకండి, క్రమశిక్షణ పోతుంది. 2019 జూన్‌లో వేలమంది ఆదివాసీలు ఇలాగే క్రమశిక్షణ తప్పారు. బైలడిలాలో నందరాజు దేవుడూ ఆయన భార్య పిటోడ్ రాణీ ఉండే కొండను 13వ నంబరు ఇనుప నిక్షేపం పేరుతో తవ్వొద్దని, గ్రామసభ తీర్మానమే బూటకమని, కిరందూల్‌లో ఎన్‌ఎండీసీ గేటు ముందు రోజుల తరబడి బైఠాయించారు. వాళ్లలో చాలామంది పర్యావరణ పుస్తకం తెరిచి చూసి ఉండరు. అందుకే పాఠం వంటబట్టింది కాబోలు. మొక్కకైతే అమ్మ పేరు పెట్టవచ్చు, కొండకు మాత్రం నంబరే ఉండాలి!

చివరగా పరీక్షకు పనికొచ్చే ముక్క. 2021 అక్టోబరు 8న, శుభ్రమైన పర్యావరణం మనిషి హక్కని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి తీర్మానించింది. 43 దేశాలు అవునన్నాయి, ఒక్కటీ కాదనలేదు, నాలుగు తటస్థం. ఆ నాలుగు: చైనా, రష్యా, భారత్, జపాన్. బైలడిలా ఇనుమును దశాబ్దాలుగా కొనుక్కున్నది జపాన్ ఉక్కు మిల్లులు. అమ్మినవారూ కొన్నవారూ ఒకే బల్ల మీద మౌనంగా కూర్చున్నారన్నమాట. మరుసటేడు ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో ఇద్దరూ అవునన్నారు లెండి, ఆ తీర్మానానికి చట్టబలం లేదు కనక భయం లేదు. పిల్లలూ, మీరు కూడా ఈసారి పర్యావరణం పేపరులో అన్ని ప్రశ్నలకూ ‘నేను తటస్థం’ అని రాసి చూడండి, గురూజీ ఎన్ని మార్కులు వేస్తారో.