ఒక సీటా? రెండు సీట్లా?

కోటీశ్వరుల కష్టాలు కోటీశ్వరులవి! ఇటలీలోని మారనెల్లోలో 2018లో ఫెరారీ సంస్థ రెండు కార్లు బయటపెట్టింది: మోంజా ఎస్‌పీ1, మోంజా ఎస్‌పీ2. రెండూ కలిపి 499 మాత్రమే. ఇంజిన్ ఒకటే, 810 గుర్రాల బలమూ ఒకటే. వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి రెండింటికీ 2.9 సెకన్లే. తేడా అల్లా ఒక్క సీటు. మొదటిదాంట్లో అయ్యగారొక్కరే, రెండోదాంట్లో అమ్మగారికీ చోటుంది. ఏది కొనాలో మెకానిక్‌ను కాదు, ఇంట్లో అడగాలి!

లేనివాటిలో మాత్రం రెండూ సమానమే. పైకప్పు లేదు. ముందు అద్దమూ లేదు. గాలిని తల మీదుగా మళ్లించే ఏర్పాటుకు ‘వర్చువల్ విండ్‌షీల్డ్’ అని ముద్దుపేరు. కారుకు జోడీగా హెల్మెట్, చేతి తొడుగులు, మెడకు స్కార్ఫ్ కూడా పేరుమోసిన ఫ్యాషన్ సంస్థలతో చేయించారు. ధర పది లక్షల యూరోల పైమాటే.

కప్పు లేకుండా, అద్దం లేకుండా, నెత్తిన హెల్మెట్‌తో ఎదురుగాలి తినే ఆ భాగ్యం మన మోపెడ్ వీరుడికి ఏనాడో దక్కింది. పైగా అతనికి రెండో సీటు గురించి బెంగ లేదు. ముందర బియ్యం బస్తా కూడా పడుతుంది!